రంగు ఒక దారిన, కదలిక ఒక దారిన – మెదడు ఇచ్చే ఒకే చూపు

ఈ నెల ఆరోగ్య పాఠంలో మనం చూపు గురించి నేర్చుకుందాం. అయితే కంటి గురించి కాదు, కంటి వెనుక పనిచేసే మెదడు గురించి. "చూసేది కన్నే కదా, మధ్యలో మెదడెందుకు?" అని చాలామంది మమ్మల్ని అడుగుతుంటారు. ఆ ప్రశ్నకు జవాబు తెలిసి ఉండటం ఒక్కొక్కసారి ప్రాణాన్ని కాపాడుతుంది, ఒక పసిబిడ్డ భవిష్యత్తును మారుస్తుంది. కాబట్టి కొంచెం ఓపికగా చివరి వరకు చదవండి. చదువు రాని పెద్దలకు ఇంట్లో పిల్లలు చదివి వినిపించండి.

ఒక చిన్న ఉదాహరణతో మొదలుపెడదాం. లంకెలపాలెం దగ్గర హైవే దాటడానికి మీరు నిలబడ్డారు. కుడివైపు నుండి ఒక ఎర్ర లారీ వస్తోంది. "ఎర్ర లారీ వస్తోంది" అనేది మనకు ఒకే చూపు, ఒకే ఆలోచన. కాని మెదడుకు అది ఒకే పని కాదు. ఎరుపు అనే సంగతిని ఒక చోట, లారీ ఆకారాన్ని ఇంకొక చోట, వస్తోంది అనే కదలికను వేరొక చోట అది తేల్చుకుంటుంది. తరువాత ఆ మూడింటినీ కలిపి మనకు అందిస్తుంది. ఈ కలపడం రెప్పపాటులో జరిగిపోతుంది కనుక మనకు తెలియదు. ఎప్పుడైనా అది చెడిపోయినప్పుడే తెలుస్తుంది.

కన్ను చేసే పని

కంటి లోపల వెనుక భాగంలో రెటీనా అనే పలుచని పొర ఉంది. అందులో వెలుగును పట్టుకునే కణాలు రెండు రకాలు. శంకు కణాలు పగటి వెలుగులో పనిచేస్తాయి, రంగులను గుర్తిస్తాయి. ఇవి ఒక్కొక్క కంటిలో సుమారు 60 లక్షలు ఉంటాయి. రెండవ రకం దండ కణాలు. ఇవి దాదాపు 10 కోట్లు. మసక వెలుతురులో కూడా పనిచేస్తాయి గాని రంగు చెప్పలేవు. అందుకే సాయంత్రం చీకటి పడేకొద్దీ పెరటిలోని ఎర్ర మందారం నల్లగా కనిపిస్తుంది. కాని అదే చీకటిలో పిల్లి గోడ దూకితే మాత్రం వెంటనే పసిగడతాం. రంగు పోయినా కదలిక మిగిలే ఉంటుంది.

ఒక్కొక్క కంటి నుండి సుమారు 10 లక్షల సన్నని నరపు పోగులు కట్టగా కట్టుకొని మెదడుకు వెళ్తాయి. ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి ఉంది, గుర్తుపెట్టుకోండి. ఎడమ కంటిది ఎడమ మెదడుకు, కుడి కంటిది కుడి మెదడుకు అని పంపకం జరగదు. మన ఎదుట ఉన్న లోకంలో ఎడమ సగం రెండు కళ్లలో నుండీ కుడి మెదడుకు వెళ్తుంది. కుడి సగం ఎడమ మెదడుకు వెళ్తుంది. ఇవి చేరే చోటు తల వెనుక భాగం, దిండు మీద తల ఆనే చోటు. అందుకే తల వెనుక గట్టి దెబ్బ తగిలితే కళ్లు క్షేమంగా ఉన్నా చూపు పోవచ్చు.

మెదడులో వేరువేరు గదులు

తల వెనుక భాగానికి చేరిన సమాచారం అక్కడి నుండి వేరువేరు చోట్లకు వెళ్తుంది. ఆసుపత్రిలో ఓ.పి. చీటీ తీసుకున్న రోగి రక్త పరీక్షకు ఒక గదికి, ఎక్స్‌రేకు ఇంకొక గదికి వెళ్లినట్టు అనుకోండి. లండన్‌లో పనిచేసిన శాస్త్రవేత్త సెమిర్ జెకి 1970లలో కోతుల మెదడుపై పరిశోధన చేసి, రంగుకు ఎక్కువగా స్పందించే భాగం ఒకటి, కదలికకు స్పందించే భాగం మరొకటి ఉన్నాయని చూపించారు. మొదటిదానిని వి4 అని, రెండవదానిని వి5 అని పిలుస్తారు. మనుషుల మెదడులో కూడా ఇటువంటి ఏర్పాటే ఉన్నదని తరువాత స్కానింగుల ద్వారా తెలిసింది. ఈ గదుల మధ్య గోడలు పూర్తిగా మూసి ఉండవు. రంగుకూ కదలికకూ రెంటికీ స్పందించే కణాలు కూడా కొన్ని ఉన్నాయి. అయినా ముఖ్యమైన పని మాత్రం విడివిడిగా జరుగుతుంది.

ఇది ఊహ కాదు అనడానికి రోగులే సాక్ష్యం. మూడు సంగతులు చెబుతాము.

మొదటిది. 1917లో, మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, జార్జ్ రిడాక్ అనే బ్రిటిష్ వైద్యుడు తల వెనుక తుపాకీ గాయాలైన సైనికులను పరీక్షించారు. చూపు పోయిన వైపున వస్తువును కదలకుండా పెడితే వారికి కొందరికి ఏమీ కనిపించలేదు. అదే వస్తువును కదిలిస్తే మాత్రం ఏదో కదులుతున్నదని చెప్పగలిగారు. దాని రంగూ ఆకారమూ చెప్పలేకపోయారు. అంటే రంగు, ఆకారం పోయి కదలిక ఒక్కటే మిగిలింది.

రెండవది. 1983లో జర్మనీలో జోసెఫ్ జీల్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు 43 ఏండ్ల ఒక స్త్రీ గురించి రాశారు. మెదడులోని సిరలలో రక్తం గడ్డకట్టడం వలన ఆమెకు మెదడు రెండు వైపులా దెబ్బ తగిలింది. ఆమెకు రంగులు బాగానే తెలుసు. వస్తువులను గుర్తుపట్టగలదు. కాని కదలిక కనిపించదు. కప్పులో టీ పోస్తుంటే ఆ ధార గడ్డకట్టిన మంచులా నిలిచిపోయినట్టు ఉండేది. కప్పులో టీ పైకి వస్తున్నది కనిపించక, ఎప్పుడు ఆపాలో తెలిసేది కాదు. గదిలో మనుషులు నడుస్తుంటే ఇక్కడ ఉన్నవారు ఉన్నట్టుండి అక్కడ కనిపించేవారు, మధ్యలో నడక కనబడేది కాదు. రోడ్డు దాటబోతే దూరాన ఉన్న కారు మరుక్షణం ఎదుటనే ఉండేది. చివరకు ఆమె బండి చప్పుడును బట్టి దూరం తెలుసుకోవడం నేర్చుకున్నది.

మూడవది దీనికి సరిగ్గా ఎదురు. అమెరికాలో ఒక చిత్రకారుడు 65 ఏండ్ల వయసులో కారు ప్రమాదానికి గురయ్యాడు. ఆ తరువాత అతనికి లోకమంతా నలుపు, తెలుపు, బూడిద వన్నెలుగా మారిపోయింది. వైద్యుడు, రచయిత ఆలివర్ శాక్స్ అతని గురించి 1987లో రాశారు. చూపు నిశితంగానే ఉంది, దూరాన కదిలేవి కూడా తెలుస్తున్నాయి. రంగు మాత్రమే పోయింది. భోజనం బూడిద రంగులో కనిపించి రోత పుట్టేది, కళ్లు మూసుకొని తినవలసి వచ్చేది.

ఒకరికి కదలిక పోయి రంగు మిగిలింది, మరొకరికి రంగు పోయి కదలిక మిగిలింది. రెండూ ఒకే చోట ఉంటే ఇలా జరగడానికి వీలు లేదు.

మన తెలుగువారికి తెలిసిన ఉదాహరణ

దీనిని మనవారికి సులభంగా చెప్పాలంటే సినిమా కంటే మంచి ఉదాహరణ లేదు. సినిమా చూడని భక్తిపరులైన కుటుంబాలు కూడా ఈ పేరా వరకు మన్నించి చదవండి.

సినిమా తెర మీద నిజానికి ఏదీ కదలదు. ఒక సెకనుకు 24 నిశ్చల చిత్రాలు ఒకదాని వెనుక ఒకటి పడతాయి. వాటి మధ్య కదలికను కల్పించేది మన మెదడే. ఎల్.వి. ప్రసాద్ గారు 1955లో తీసిన మిస్సమ్మ నలుపు తెలుపుల్లోనే వచ్చింది. అందులో మనుషులు నడవడం, నవ్వడం చూసేవారికి ఏ లోటూ అనిపించలేదు. రంగు లేకుండానే కదలిక సంపూర్ణంగా అందింది. 1963లో వచ్చిన లవకుశతో తెలుగు తెరకు పూర్తి రంగులు వచ్చాయి. 1957 నాటి మాయాబజార్‌కు 2010లో కంప్యూటర్లతో రంగులు అద్ది మళ్లీ విడుదల చేశారు. కదలిక పాతదే, రంగు కొత్తది. సాంకేతిక నిపుణులు ఒక్కొక్క చిత్రానికి శ్రమపడి చేసిన ఆ పనిని, అంటే కదిలే మనిషికి అతని రంగును సరిగ్గా అంటించే పనిని, మన మెదడు మనం మేలుకొని ఉన్నంతసేపూ చేస్తూనే ఉంటుంది.

అదే ఎల్.వి. ప్రసాద్ గారి కుటుంబం ఇచ్చిన స్థలం, విరాళం సాయంతో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు 1987లో హైదరాబాద్‌లో కంటి ఆసుపత్రిని ప్రారంభించారు. ఆయన పేరే దానికి పెట్టారు. 2006 నుండి విశాఖపట్నంలో హనుమంతవాక దగ్గర కూడా దాని ఆసుపత్రి ఉంది. మన పరవాడ వారు చాలామంది అక్కడికి వెళ్లి వచ్చినవారే. తెర మీద చూపును పండించిన వ్యక్తి పేరు, చూపును కాపాడే చోట నిలిచింది.

మరి కలిపేది ఎలా?

విడివిడిగా తేల్చుకున్న సంగతులు కలిసేటప్పుడు తారుమారు కాకుండా ఉండాలి కదా. ఎర్ర లారీ, పసుపు ఆటో రెండూ రోడ్డు మీద ఉంటే ఎరుపు ఆటోకు, పసుపు లారీకి అంటుకోకూడదు. దీనికి ముఖ్యమైన సాధనం మనం పెట్టే ధ్యాస అని ఆన్ ట్రీస్మన్ అనే శాస్త్రవేత్త 1980లో తన సహచరునితో కలిసి వివరించారు. మనం ఒక చోట దృష్టి నిలిపినప్పుడు, ఆ చోటనున్న రంగు, ఆకారం, కదలిక ఆ ఒక్క వస్తువువిగా ముడిపడతాయి. ధ్యాస లేని చోట అవి తప్పుగా కూడా అతుక్కుంటాయి. మెదడు పైభాగంలో రెండు వైపులా దెబ్బ తిన్న ఒక రోగి, తన ఎదుట రెండు రంగుల అక్షరాలు పెడితే ఒకదాని రంగును ఇంకొకదానికి చెప్పేవాడని 1995లో ప్రకటించారు. ఆ అక్షరాలను ఎంతోసేపు చూసినా అలాగే జరిగేది.

ఆరోగ్యవంతులకు కూడా ఇలా జరగవచ్చు. 2004లో ప్రచురించిన ఒక పరీక్షలో తెర మధ్యన ఎర్ర చుక్కలు పైకి, ఆకుపచ్చ చుక్కలు కిందికి వెళ్లేటట్టు చేశారు. తెర అంచుల్లో మాత్రం ఎర్రవి కిందికి, ఆకుపచ్చవి పైకి వెళ్లేటట్టు పెట్టారు. మధ్యలో చూపు నిలిపినవారికి అంచుల్లోని ఎర్ర చుక్కలు కూడా పైకే వెళ్తున్నట్టు కనిపించాయి. అంచున సరిగా తెలియని దానిని మెదడు మధ్యలో చూసినదానిని బట్టి పూరించుకున్నది.

ఇంకొక విచిత్రం ఏమిటంటే, రంగు, కదలిక రెండూ ఒకే వేళకు మన తెలివికి అందవు. ఒకేసారి రంగూ దిశా మారే గుర్తులను చూపించి సెమిర్ జెకి, ఆయన సహచరుడు 1997లో పరీక్షించారు. ఒక సెకనును వెయ్యి భాగాలు చేస్తే అందులో సుమారు 70 నుండి 80 భాగాల ముందుగా రంగు తెలుస్తుందని వారు చెప్పారు. అంత చిన్న తేడా మనకు తెలియదు. మెదడు సర్దుకొని ఒకే చూపుగా చూపిస్తుంది.

ఇంట్లో చేసి చూడండి

పిల్లలతో కలిసి ఈ చిన్న పరీక్ష చేయవచ్చు. ఎరుపు, నీలం, ఆకుపచ్చ రంగుల్లో ఒకే పరిమాణం గల మూడు పెన్నులు తీసుకోండి. ఒకరు గోడ మీద ఒక చుక్కనే చూస్తూ కూర్చోవాలి, తల గాని కళ్లు గాని తిప్పకూడదు. ఇంకొకరు వారికి తెలియకుండా ఒక పెన్ను ఎన్నుకొని, చెవి పక్క నుండి మెల్లగా ముందుకు తెస్తూ పెన్నును అటూ ఇటూ ఆడించాలి. "ఏదో కదులుతోంది" అని ముందు చెబుతారు. రంగు మాత్రం చెప్పలేరు. పెన్ను ఇంకా ముందుకు వచ్చిన తరువాతనే రంగు తెలుస్తుంది. చూపు అంచులు కదలికను పట్టడంలో దిట్టలు, రంగు పట్టడంలో బలహీనులు. దేవుడు అంచున కావలివాడిని నిలిపాడు. కావలివాడు ఎవరో వస్తున్నారని కేక వేస్తాడు, అప్పుడు మనం తల తిప్పి ఎవరో చూస్తాం.

మార్కు సువార్త 8వ అధ్యాయంలో బేత్సయిదా గుడ్డివాని సంగతి మనందరికీ తెలుసు. ప్రభువు మొదట అతని మీద చేతులుంచినప్పుడు అతనికి మనుషులు చెట్లవలె కనిపించారు, కాని వారు నడుస్తున్నారు. ఆకారం ఇంకా స్పష్టం కాలేదు. నడక మాత్రం తెలిసింది. చెట్లు నడవవు గనుక వారు మనుషులని అతను చెప్పగలిగాడు. రెండవసారి చేతులుంచిన తరువాత అన్నీ తేటగా కనిపించాయి. మెదడు, చూపుల గురించి ఇప్పుడు నేర్చుకున్న మనకు ఆ వాక్యభాగం ఇంకా దగ్గరగా అనిపిస్తుంది. చూపు రావడం అంటే వెలుగు లోపలికి రావడం ఒక్కటే కాదు, వచ్చినదంతా సరిగా కూడటం కూడా.

ఇది మనకు ఎందుకు అవసరం – పక్షవాతం

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. పక్షవాతం అనగానే మూతి వంకర పోవడం, చెయ్యి కాలు పడిపోవడం, మాట తడబడటం అని అందరికీ తెలిసింది. మంచిదే. కాని తల వెనుక భాగానికి వెళ్లే రక్తనాళం మూసుకుపోతే చెయ్యి బాగానే ఉంటుంది, మాట బాగానే ఉంటుంది. చూపు మాత్రమే పోతుంది. నొప్పి కూడా ఉండకపోవచ్చు. అటువంటి మనిషి "కళ్లు మసకలేశాయి, అద్దాలు మార్చుకోవాలి" అనుకుంటాడు. ఇంట్లోవారు "శుక్లం ముదిరింది, సంక్రాంతి వెళ్లాక చూపిద్దాం" అంటారు. ఆ రోజులే ఎంతో విలువైనవి.

ఈ కింది వాటిలో ఏది ఉన్నట్టుండి వచ్చినా మెదడు జబ్బు అయి ఉండవచ్చని అనుమానించండి.

1. ఎదుటి లోకంలో ఒక సగం కనిపించకపోవడం. నడిచేటప్పుడు ఒకే వైపు తలుపుకు, బల్లకు తగలడం. పళ్లెంలో ఒక వైపు అన్నం వదిలేయడం.

2. రంగులు ఉన్నట్టుండి వెలసిపోవడం లేదా పూర్తిగా పోవడం.

3. ఒక వస్తువు రెండుగా కనిపించడం, తల తిరగడం, నడక తూలడం.

4. కదిలే బండ్లు, మనుషులు తునకలు తునకలుగా, ఆగి ఆగి కనిపించడం. ఇది చాలా అరుదు, కాని ఉన్నది.

5. తెలిసిన ముఖాలను, తెలిసిన దారిని ఉన్నట్టుండి గుర్తుపట్టలేకపోవడం.

శుక్లానికీ దీనికీ తేడా కాలం. శుక్లం నెలలు, సంవత్సరాల మీద మెల్లగా వస్తుంది. రంగులు కొంచెం కొంచెంగా పసుపు బారుతాయి. మెదడు జబ్బు మాత్రం నిమిషాల్లో వస్తుంది. ఇంకొక తేడా కూడా ఉంది. ఒక కన్ను మూసి చూడండి, తరువాత రెండవ కన్ను మూసి చూడండి. రెండు సార్లూ అదే వైపు సగం లేకపోతే కారణం కంటిలో కాదు, లోపల ఉంది. ఒక్క కంటికే తెర దిగినట్టు అయితే అది కంటి జబ్బు కావచ్చు, కంటికి వెళ్లే రక్తం ఆగడం కూడా కావచ్చు. అదీ అదే రోజు చూపించవలసినదే.

అప్పుడు ఏమి చేయాలి? 108కి ఫోన్ చేయండి. సి.టి. స్కాన్ ఉన్న ఆసుపత్రికే వెళ్లండి. గడ్డను కరిగించే మందు జబ్బు మొదలైన నాలుగున్నర గంటల లోపల ఇవ్వవలసి ఉంటుంది, ఎంత ముందైతే అంత మేలు. అందుచేత మనిషి చివరిసారి బాగా ఉన్నది ఎన్ని గంటలకో గుర్తుపెట్టుకొని డాక్టరుకు చెప్పండి. నోటితో నీళ్లు, కాఫీ, మాత్రలు ఇవ్వకండి, మింగడం కష్టమై ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఆస్పిరిన్ కూడా మీ అంతట మీరు వేయకండి. మెదడులో నాళం మూసుకున్నదో చిట్లినదో స్కాన్ చేయకుండా ఎవరూ చెప్పలేరు. నాటు వైద్యం, పావురం రక్తం వంటివాటి కోసం సమయం పోగొట్టుకోకండి. ప్రార్థన అంబులెన్సులో కూడా చేయవచ్చు. దేవుడు రెండు చోట్లా వింటాడు.

బి.పి., షుగరు ఉన్నవారు మాత్రలు మానవద్దు. "బాగానే ఉంది కదా" అని మానేసిన వారినే మేము తరచుగా వార్డులో చూస్తుంటాము. పొగాకు, చుట్ట, గుట్కా విడిచిపెట్టండి.

బాలింతల విషయంలో ఒక మాట

కదలిక చూడలేని ఆ జర్మనీ స్త్రీకి వచ్చిన జబ్బు, అంటే మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టడం, మన దేశంలో బాలింతల్లో కనిపించే జబ్బు. కాన్పు తరువాత కొన్ని వారాల పాటు రక్తానికి గడ్డకట్టే గుణం ఎక్కువగా ఉంటుంది. ఒంట్లో నీరు తగ్గితే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. కొన్ని ఇళ్లలో పెద్దవారు ప్రేమతోనే "బాలింతకు నీళ్లు ఎక్కువ ఇస్తే ఒంటికి నీరు పడుతుంది" అని తగ్గిస్తారు. అమ్మలారా, అత్తలారా, దయచేసి అలా చేయకండి. కాచి చల్లార్చిన నీళ్లు కావలసినన్ని ఇవ్వండి. తగ్గని తలనొప్పి, వాంతులు, చూపు మసక, మూర్ఛ, ఒక చెయ్యి గాని కాలు గాని బలహీనం కావడం బాలింతలో కనిపిస్తే దిష్టి, గాలి అని ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకురండి. సమయానికి వైద్యం అందితే చాలామంది కోలుకుంటారు.

కళ్లు బాగున్నా చూడని పసిబిడ్డ

కాన్పులో ఆలస్యంగా ఏడ్చిన బిడ్డ, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ, పుట్టగానే మూర్ఛలు వచ్చిన బిడ్డ, రక్తంలో షుగరు బాగా పడిపోయిన బిడ్డ – వీరిలో కొందరికి మెదడులోని చూపు భాగం దెబ్బ తింటుంది. కళ్లు అందంగా, మచ్చ లేకుండా ఉంటాయి. కాని బిడ్డ తల్లి ముఖం వైపు చూడదు. "మా పాప నన్ను చూసి నవ్వదు సిస్టర్" అని తల్లి కన్నీళ్లు పెట్టుకుంటుంది. చుట్టుపక్కలవారు ఏవేవో మాటలంటారు. తల్లి తప్పేమీ లేదు, బిడ్డకు ప్రేమ లేకపోవడమూ కాదు.

ఇటువంటి బిడ్డల్లో చాలామంది కదలని ముఖాన్ని చూడకపోయినా తిరిగే ఫ్యాన్‌ను చూస్తారు. మెల్లగా ఊపే ఎర్రని లేదా పసుపు పచ్చని బొమ్మ వైపు కళ్లు తిప్పుతారు. రంగు, కదలిక రెండూ కలిసి వచ్చినప్పుడు మెదడు తలుపు తెరుచుకుంటుంది. దానినే చికిత్సకు ఆధారంగా చేసుకుంటారు.

మూడు నెలలు నిండినా బిడ్డ మీ ముఖం వైపు చూడకపోతే, కదిలే వస్తువు వెంట కళ్లు తిప్పకపోతే, "నెమ్మదిగా వస్తుందిలే" అనుకోకండి. పిల్లల డాక్టరుకు, కంటి డాక్టరుకు చూపించండి. విశాఖలోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వంటి చోట్ల పిల్లల కంటి వైద్యం, చూపు పునరావాస సేవలు ఉన్నాయి. డాక్టరు సలహాతో పాటు ఇంట్లో ఇలా చేయవచ్చు.

ఒక్కసారి ఒకే వస్తువు చూపించండి. ఒకే రంగుది, ఎరుపు గాని పసుపు గాని మంచిది. పూల పూల చీర, రంగుల దుప్పటి ముందు వద్దు, వెనుక నల్లని గుడ్డ కట్టండి. టి.వి. ఆపేయండి, మాటలు తగ్గించండి. వస్తువును మెల్లగా కదిలించి ఆగండి. బిడ్డ చూడటానికి సమయం పడుతుంది, తొందరపడకండి. రోజూ కొంచెం సేపు, బిడ్డ హుషారుగా ఉన్నప్పుడు చేయండి. పసి మెదడు పెరిగే మెదడు. నెలల తరబడి ఓపికగా చేస్తే చూపులో మెరుగు కనిపించే బిడ్డలు చాలామంది ఉన్నారు.

రోడ్డు మీద రాత్రివేళ

మన పరవాడ రోడ్ల మీద ఫార్మా సిటీ, సింహాద్రి విద్యుత్ కేంద్రం షిఫ్టులు ముగించుకొని చీకటిలో వచ్చేవారు ఎందరో. చీకటిలో డ్రైవరుకు మీ చొక్కా రంగు తెలియదు. ముదురు రంగు బట్టలైతే మీరు రోడ్డులో కలిసిపోతారు. వెలుగు పడగానే మెరిసే పట్టీలు గల జాకెట్ వేసుకోండి. దానికంటే మేలైన చిట్కా ఒకటి ఉంది. 1973లో స్వీడన్‌కు చెందిన గున్నార్ యొహాన్‌సన్, కీళ్ల దగ్గర మాత్రమే వెలిగే చుక్కలు పెట్టి చీకటిలో ఒక మనిషిని నడిపించారు. చుక్కలు నిలిచి ఉన్నంతసేపు చూసేవారికి ఏమీ అర్థం కాలేదు. నడవగానే "మనిషి" అని వెంటనే గుర్తుపట్టారు. కాబట్టి మెరిసే పట్టీ ఛాతీకి ఒక్కటే కాదు, చీలమండలకు, మణికట్లకు కూడా కట్టుకోండి. సైకిల్ పెడల్‌కు అంటించండి. మెరుపూ నడకా కలిసి డ్రైవరు మెదడుకు "ఇది మనిషి" అని దూరం నుండే చెబుతాయి.

బండి నడిపేవారు ఫోన్ మాట్లాడవద్దు. కన్ను రోడ్డు మీదే ఉన్నా ధ్యాస ఫోనులో ఉంటే, చూసినది చూసినట్టు కూడదని పైన నేర్చుకున్నాం కదా.

కుటుంబంలో మాట్లాడుకోవడానికి

1. మన ఇంట్లో బి.పి., షుగరు ఉన్నవారు ఎవరు? చివరిసారి ఎప్పుడు పరీక్ష చేయించారు?

2. చూపు ఉన్నట్టుండి సగం పోతే మొదట చేయవలసిన పని ఏమిటి? 108 నెంబరు ఇంట్లో పిల్లలకు కూడా తెలుసా?

3. మన వీధిలో బాలింత ఉన్నదా? ఆమె నీళ్లు సరిగా తాగుతున్నదా?

4. మూడు నెలలు దాటినా తల్లిని చూడని బిడ్డ మనకు తెలిసినవారిలో ఉన్నారా? ఆ తల్లికి ఈ పాఠం ఎవరు చదివి వినిపిస్తారు?

ప్రతి ఉదయం కళ్లు తెరవగానే రంగులూ కదలికలూ చక్కగా కూడిన లోకం మనకు కనిపిస్తుంది. అది మనం అడగకుండానే దొరికిన వరం. కృతజ్ఞతతో దానిని వాడుకుందాం, పొరుగువారి చూపును కూడా కాపాడుదాం. ప్రభువు మీ అందరికీ మంచి ఆరోగ్యం దయచేయును గాక. ఆమేన్.

– నర్సింగ్ సూపరింటెండెంట్, నర్సింగ్ సిబ్బంది తరఫున